మొదటి జెండా

పసుపు. పసుపు. పసుపు...

ఎరుపు.

చప్పుడు లేకుండా తిరుగుతుంది రేకు. అరచేతి వెడల్పు రేకు. ఒక వైపు పసుపు రంగు, ఇంకో వైపు ఎరుపు. గాలి ఎడమ నుంచి వస్తే పసుపు కనిపిస్తుంది. కుడి నుంచి వస్తే ఎరుపు. రేకు ముక్కున బొటనవేలంత ఫ్యాను ఉంటుంది. గాలి ఎంత గట్టిదో ఆ ఫ్యాను చెబుతుంది.

ఆమె బల్ల ముందు అలాంటి జెండాలు నాలుగు. తుపాకి మూతి దగ్గర్నుంచి యాభై మీటర్ల అవతలున్న గురి అట్ట దాకా, ఇనప చువ్వల మీద వరసగా నాలుగు.

బల్ల మీద తుపాకి. దాని ముందు స్టాండు, వెనక ఇసుక సంచి. మోసే పని లేదు. భుజం ఆనీ ఆనకుండా ఆనించి, ఊపిరి సగం వదిలి, ఒక్క వేలు కదిపితే చాలు. చూసేవాళ్లకి ఇదేం ఆట అనిపిస్తుంది. అత్తగారైతే మొగుడూ పెళ్లాలిద్దరూ ఇంట్లోకి అడుగు పెట్టగానే అంటుంది — కూర్చుని కూర్చుని అలిసిపోయి వచ్చారా, అని.

అలిసిపోయేది కళ్లు.

అట్ట మీద ఇరవై అయిదు చుక్కలు. ఒక్కో చుక్కకి ఒక్కటే గుండు. ఆ గుండు చిన్నది, నెమ్మదైనది, పిల్లగాలికి కూడా పక్కకి ఒరిగిపోతుంది. అందుకని కుడి కన్ను తుపాకి మీది స్కోపులో, ఎడమ కన్ను జెండాల మీద. రెండు కళ్లూ రెండు చోట్ల... మొదట్లో తల తిరిగేది. తర్వాత అలవాటైంది.

అలవాటు చేసింది ఆమె భర్తే.

ఇంటి వెనక షెడ్డులో అతనికి ఇనుము చెక్కే లేత్ మిషను ఉంది. ఎవరి మోటారు ఇరుసు అరిగినా అతని దగ్గరికే రావాలి. తుపాకులు కాల్చే ఈ రేంజిలో మాత్రం అతను గాలి మాస్టారు. గాలిని అతనిలా చదివేవాడు ఆ చుట్టుపక్కల లేడు. ఆమెది పళ్ల ల్యాబులో పని. పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా ఊళ్లోవాళ్ల పళ్ల సెట్లన్నీ ఆమె బల్ల మీద ఇకిలిస్తూ ఉంటాయి. చేతులు నిలకడగా ఉన్నాయి, వచ్చి కూర్చో, అన్నాడు పెళ్లయిన కొత్తలో. వచ్చి కూర్చుంది.

మొదటి జెండాని నమ్ము, అని చెప్పాడు. గాలి గుండుని మొదట్లో తోసిందంటే ఆ తోపు చివరి దాకా ఉంటుంది. చివర్లో తోస్తే ఏం చేస్తుంది, అప్పటికి అట్ట వచ్చేసింది కదా. పక్కవాళ్ల జెండాల వంక చూడకు, అది పక్కవాళ్ల గాలి. ఒక గాలిని ఎంచుకో. అది ఉన్నప్పుడే కాల్చు. పోతే ఆగు. దాని వెంట పరిగెత్తకు. మళ్లీ వస్తుంది.

రాకపోతే, అని అడిగింది ఆమె.

వస్తుంది, అన్నాడు.

ఆ జెండాలన్నీ అతను చేసినవే. ఆమెకి నాలుగు, తనకి నాలుగు, అచ్చు ఒకేలాంటివి. లోపల చిన్న బేరింగు. దానికి నీళ్లలాంటి పల్చటి నూనె ఒక్క చుక్క. అంతకు మించి ఏదీ తగలనిచ్చేవాడు కాదు. జెండాకి గ్రీజు పెట్టినవాడు గాలికి గొళ్లెం పెట్టినట్టే, అనేవాడు. ప్రతి పోటీ రోజూ ఆమె జెండాలు అతనే పాతేవాడు. ఆ వంగిన వీపు చూస్తే ఆమెకి ముద్దొచ్చేది.

ఈ ఏడాది ఆమె గెలిచింది.

మొదటి పోటీలో అతన్ని దాటేసింది. అదేమంత పెద్ద తేడా కాదు, కానీ దాటింది. రెండు పోటీలూ కలిపి ముందున్న ఒక్కరే క్లబ్బు తరఫున పెద్ద పోటీకి వెళ్తారు. ఏటా అతనే వెళ్లేవాడు. రేంజి చూసుకునే ముసలాయన, అందరికీ బాబాయే, అట్టలు గోడకి అంటిస్తూ నవ్వాడు. ఇక నుంచి నువ్వు మాస్టారువి కావయ్యా, మేడమ్ గారి ఆయనవి, అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు.

అందరికన్నా ఎక్కువ నవ్వింది అతను.

ఆ తర్వాత నుంచి ఆమె గురి పాడైంది.

ఒకటి కుడికి. ఒకటి ఎడమకి. పదింటికి పదీ నడిమిలో పడుతూనే ఉంటాయి, పదకొండోది ఎవరో మోచెయ్యి పట్టి లాగినట్టు పక్కకి పోతుంది. ఏం చెయ్యలేదని ఆమె! తూటాల పెట్టెలు మార్చి మార్చి చూసింది. గొట్టం శుభ్రం చేసింది. ఇసుక సంచిలో ఇసుక మార్చింది. మరలన్నీ విప్పి మళ్లీ బిగించింది. కళ్ల డాక్టరు దగ్గరికి కూడా వెళ్లొచ్చింది.

అన్నింటికీ అతను తోడున్నాడు. ఇసుక జల్లెడ పట్టి ఇచ్చాడు. కళ్ల డాక్టరు దగ్గర చీటీ తీసుకుని వరసలో నిలబడ్డాడు. తొందరపడుతున్నావు, అంతే, అని మెల్లిగా చెప్పాడు.

ఆమె నమ్మింది. తొందరపడుతున్నాననే అనుకుంది.



ఒక మధ్యాహ్నం ల్యాబులో కరెంటు పోయి తొందరగా వదిలేశారు. ఒక్కతే రేంజికి వెళ్లింది. జెండాలు తనే పాతుకుంది. ఊరికే... ఏమీ తోచక... చీర కొంగు అంచున ఊడిన దారం తెంపి, మొదటి జెండా పక్కన పుల్లకి కట్టింది. బల్ల దగ్గరికొచ్చి కూర్చుంది.

దారం ఎడమ గాలికి ఊగింది. రేకు పసుపు.

దారం ఆగింది. రేకు పసుపు.

దారం అటు తిరిగిపోయింది. రేకు ఇంకా పసుపు.

పసుపు...

అప్పుడు, బద్ధకంగా, నిద్ర లేచినట్టు... ఎరుపు.

మిగతా మూడు జెండాలూ దారంతో పాటే తిరిగాయి. మొదటిదే వెనకబడింది. ఎక్కువేం కాదు. ఒక ఊపిరి తీసుకునేంత. గుండు పక్కకి పోవడానికి అంత చాలు.

లేచి వెళ్లి రేకు ఊడదీసింది. పళ్ల సందులు గీకే చేత్తో బేరింగు మూత తీసింది.

లోపల నిండా గ్రీజు. పచ్చటిది, చిక్కటిది. లేత్ మిషనుకి పెట్టేది. షెడ్డులో కిటికీ పక్కన డబ్బాలో ఉండేది.

మిగతా మూడూ విప్పింది. నూనె. నూనె. నూనె.

అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

కీచుమని ఉంటుంది, అందుకని పెట్టి ఉంటాడు. వానకి తుప్పు పడుతుందని పెట్టి ఉంటాడు. చీకట్లో డబ్బా చూసుకోక పెట్టి ఉంటాడు. వేలికి అంటుకున్నది తెలియకుండా... ఒక్కో సాకూ తెచ్చి అతని ముందు నిలబెట్టింది. అతని తరఫున తనే వాదించుకుంది. ఏ సాకూ నిలబడలేదు. గ్రీజుకీ నూనెకీ తేడా అతనికి వాసనతో తెలుస్తుంది.

మూత మళ్లీ బిగించింది. గ్రీజు తుడవలేదు. ఎందుకు తుడవలేదో అప్పుడు ఆమెకి కూడా తెలియదు.

ఆ పూట భోజనాల దగ్గర అత్తగారు పోటీ సంగతి ఎత్తింది. మొగుడూ పెళ్లాల్లో ఎవరు గెలిచినా కప్పు మన ఇంటికే కదా, అని ముచ్చటపడింది. తర్వాత కొడుకు చిన్నప్పటి సంగతి ఒకటి గుర్తొచ్చి తనలో తనే నవ్వుకుంది. వీడితో ఆడాలంటే పిల్లలు హడలిపోయేవారమ్మా, ఓడిపోతానని తెలిస్తే చాలు, బంతి మాయం. మళ్లీ వాళ్లతో కలిసి ఊరంతా వెతికేవాడు కూడా, అంది.

అమ్మా, ఊరుకో, అన్నాడతను. నవ్వుతూనే అన్నాడు.

ఆమె కంచం తీసుకుని లేచింది.

రెండో పోటీ ముందు రోజు సాయంత్రం షెడ్డు గుమ్మంలో నిలబడింది. అతను ఇనప పొట్టు ఊడుస్తున్నాడు. అతనికి ఒక దారి వదలాలనుకుంది. వెనక్కి రావడానికి ఒక్క దారి. అతను ఆ గ్రీజు తుడిచేస్తే చాలు, తను ఎన్నటికీ ఎరగనట్టే ఉండిపోగలదు. నిజంగా ఉండిపోగలదు.

"మొదటి జెండా కాస్త బద్ధకిస్తోందేమోనండీ. ఒకసారి చూడరూ," అంది.

చీపురు ఆగలేదు.

"చూశాను. బాగానే ఉంది."

"ఎప్పుడు చూశారు?"

"చూశానన్నాను కదా. గాలి మీద పెట్టాల్సిన బుద్ధి జెండాల మీద పెడితే ఎలా?"

సరేనంది. లోపలికొచ్చి పొయ్యి మీది పాలు దించింది.

పొద్దున్నే రేంజి. గాలి అటూ ఇటూ కాకుండా ఉంది. పోటీ లెక్క ప్రకారం తుపాకులు తూకం వేయడానికి బాబాయ్ పిలిచాడు. ఇద్దరివీ భుజాన వేసుకుని అతను వెళ్లాడు. జెండాలు నేను పాతుకుంటాలెండి, అంది ఆమె. అతను జెండాల వైపు ఒకసారి చూసి, సరే అన్నాడు.

ఎనిమిది జెండాలు గడ్డి మీద పరిచి ఉన్నాయి. నాలుగు తనవి, నాలుగు అతనివి. ఎవరూ ఇటు చూడటం లేదు.

తుడుచుకోవచ్చు. పక్కన పారేయొచ్చు. ఇదిగో ఇదేమిటండీ అని అందరి ముందూ అడగొచ్చు.

గ్రీజు జెండా చేతిలోకి తీసుకుంది. అతని బల్ల ముందుకి నడిచింది. చువ్వ నేలలోకి దిగింది. అతని మొదటి జెండా తెచ్చి తన బల్ల ముందు గుచ్చుకుంది. అచ్చు ఒకేలాంటివి. బాగా చేశాడు.

ఒళ్లంతా సిగ్గుతో కాలిపోయింది. అయినా వెనక్కి వెళ్లి మార్చలేదు.

బెల్లు మోగింది. బెల్లు నుంచి బెల్లు దాకా అరగంట.

పసుపు. కాల్చింది. నడిమిలో.

పసుపు. కాల్చింది. నడిమిలో.

ఎరుపు... ఆగింది. గాలి వెంట పరిగెత్తలేదు. పసుపు తిరిగొచ్చింది. కాల్చింది. నడిమిలో. ఎన్నాళ్లయింది ఇలా కాల్చి! సంతోషం వేసింది. అబద్ధమెందుకు, చాలా సంతోషం వేసింది.

పక్కవాళ్ల జెండాల వంక చూడకూడదు. చూసింది.

అతని జెండాల్లో మూడు ఎరుపు. మొదటిది పసుపు. అతని తుపాకి పేలింది.

ఆ గుండు ఎక్కడికి పోయి ఉంటుందో ఆమెకి చూడకుండానే తెలుసు. అలాంటివి ఎన్ని కాల్చిందో ఆమె.

మళ్లీ పేలింది. మళ్లీ.

తర్వాత అతని బల్ల దగ్గర చప్పుడు ఆగిపోయింది. చాలాసేపు ఆగిపోయింది. గుండు వెంట గుండు కాలుస్తున్న ఆమె, ఆ నిశ్శబ్దానికి తల తిప్పింది. అతను స్కోపులోంచి ముఖం తీసి మొదటి జెండా వైపు చూస్తున్నాడు. గాలి తిరిగింది. మూడు తిరిగాయి. మొదటిది ఒక ఊపిరి ఆలస్యంగా తిరిగింది.

అతను ఇటు చూశాడు.

ఒక్క మాట చాలు. చెయ్యెత్తి, బాబాయ్, నా జెండా పట్టేసింది, అంటే చాలు. బాబాయ్ వస్తాడు. విప్పుతాడు. ఈ గ్రీజేమిటయ్యా, ఇది నీ షెడ్డుది కాదూ, అంటాడు. ఇద్దరికీ తెలుసు అది.

అతను చెయ్యెత్తలేదు. కోపం లేదు ముఖంలో. కోపం ఉంటే ఆమె ఏదో ఒకటి అనుకుని ఉండేది. ముఖం మళ్లీ స్కోపుకి ఆనించాడు.

ఇంకా మూడు జెండాలున్నాయి అతనికి. వాటిని చూసి కాల్చుకోవచ్చు. ఒక జెండా పోయినంత మాత్రాన గాలి మాస్టారుకి గాలి తెలియకుండా పోదు. ఇప్పటికీ ఆమె కన్నా బాగా కాల్చగలడు.

మూడూ ఎరుపు. మొదటిది పసుపు. కాల్చాడు.

ఆగాడు. మళ్లీ మూడూ ఎరుపయ్యేదాకా ఎదురుచూశాడు. మొదటిది ఇంకా పసుపుగా ఉండగానే కాల్చాడు.

తప్పు గాలిని ఎంచుకున్నాడు. అది వచ్చినప్పుడే కాలుస్తున్నాడు.

తన తప్పు ఒప్పుకుంటున్నాడా? నువ్వు చేసింది చూడు, అని చూపిస్తున్నాడా? ఇంటికి వెళ్లాక అత్తగారి ముందు ఇద్దరూ ఏ ముఖాలు పెట్టుకుని అన్నం తింటారు? అడగడానికి లేదు. బల్లకీ బల్లకీ మధ్య ఎవరూ మాట్లాడకూడదు.

ఆఖరి నిమిషం, అని కేకేశాడు బాబాయ్.

ఆమెకి ఒక్క చుక్క మిగిలింది. అది పడితే పెద్ద పోటీలో అతని చోటు ఆమెదే. తన నాలుగు జెండాలూ ఒకేసారి పసుపుకి తిరిగాయి. ఆమె ఎంచుకున్న గాలి వచ్చింది. మొదటి జెండా కూడా నిజమే చెబుతోంది. నిజమే చెబుతోందని తెలుసు.

అయినా వేలు కదలడం లేదు.

పక్క బల్ల దగ్గర ఇంకోటి పేలింది.

పసుపు. పసుపు...

పసుపు...