రెండువందల పద్నాలుగో బిళ్ళ

వ్లస్తా మోకాళ్ళ మీద కూర్చుని మూడో కాగితం పరిచింది. పాత వార్తాపత్రికల్ని కత్తిరించి, అంచుకు అంచు ఆనించి, గోడ పక్కన నేల మీద ఒక కొలత తయారుచేస్తోంది. నూట ఇరవై సెంటీమీటర్ల పొడుగు, అరవై వెడల్పు. కుట్టుపని టేపు రెండుసార్లు వేసి చూసుకుంది. నిన్నటిదాకా ఆమె మంచం ఉన్న చోటది. నిన్న సాయంత్రం ఆ మంచాన్ని ఒక్కతే, ఒక్కో కాలూ జరుపుకుంటూ, కిటికీ కిందికి లాక్కుపోయింది. అక్కడ కాళ్ళకు రేడియేటర్ సెగ, తలకు కిటికీ సందులోంచి వచ్చే గాలి. అరవై రెండేళ్ళ మనిషి తన మంచం జరిపి పాముకు చోటిస్తోందంటే నలుగురూ ఏమంటారన్న బెంగ ఆమెకు లేదు. ఈ ఎనిమిదో అంతస్తు ఒంటిగది ఫ్లాటుకు వచ్చేపోయే ఆ నలుగురూ లేరు.

బీరువా పక్కన బల్ల మీద ప్లాస్టిక్ పెట్టెలో పాము మేలుకునే ఉంది. నారింజ రంగు ఒళ్ళు, దాని మీద ఇటుక రంగు మచ్చలు. విషం లేదు, పొగరు లేదు. కొన్నాళ్ళుగా మాత్రం మూతకున్న జల్లెడకు ముక్కు రాపాడించుకుంటూ తిరుగుతోంది. ముక్కు చివర పొలుసు లేచి గులాబీ రంగు కనబడుతోంది. మొన్న కుబుసం కూడా ఒక్క ముక్కగా రాలేదు, చిరిగిన మేజోడులా ముక్కముక్కలుగా ఊడింది. ఇల్లు ఇరుకైందని చెప్పడానికి అంతకన్నా దానికేం చేతనవుతుంది?

"ఆగవే కాస్త. ఇవాళ చూసొస్తాను. ముక్కు పాడుచేసుకోకు," అంది వ్లస్తా.

అంత పొడుగు మాట ఆమె మళ్ళీ సాయంత్రం ఇంటికొచ్చాకే మాట్లాడేది. మధ్యలో రోజంతా ఆమెకు కావలసినవి మూడే మాటలు: నమస్కారం, ఇదిగోండి, ఒక్క నిమిషం.

చెక్ దేశంలో, ఓలొమౌత్స్ ఊళ్ళోని ఒక గ్రంథాలయంలో, నేల అంతస్తు క్లోక్‌రూములో, ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆమెది అదే పని. చదువుకోడానికి వచ్చినవాళ్ళు కోటూ సంచీ ఇస్తారు. ఆమె వాటిని కొక్కేనికి తగిలించి, అంకె చెక్కిన ఇత్తడి బిళ్ళ చేతిలో పెడుతుంది. బిళ్ళ తిరిగొస్తే వస్తువు తిరిగిస్తుంది. బిళ్ళ లేకుండా ఎంత పెద్దమనిషి వచ్చి అడిగినా ఇవ్వదు. బిళ్ళ పట్టుకొచ్చినవాణ్ణి నువ్వెవరని అడగదు. ఈ పనికి ఉన్న నీతి అంతా అంతే, అందులో ఇంతవరకూ ఆమె ఒక్క చేతిగుడ్డ కూడా తారుమారు చేయలేదు.

నాలుగేళ్ళ కిందట ఒక నవంబరు మంగళవారం, మాలెక్ అనే సన్నపాటి పెద్దాయన కోటుతో పాటు ఒక గుడ్డ సంచీ ఇచ్చాడు. సంచీని రెండు చేతులా, లోపల సూప్ గిన్నె ఉన్నట్టు జాగ్రత్తగా పట్టుకుని వచ్చాడు. కోటుకో బిళ్ళ, సంచీకో బిళ్ళ. పోయేటప్పుడు కోటు బిళ్ళ ఒక్కటే ఇచ్చి, కోటు తొడుక్కుని వెళ్ళిపోయాడు. సాయంత్రం గది సర్దుతుంటే రెండువందల పద్నాలుగో కొక్కేనికి సంచీ వేలాడుతూ కనిపించింది. లోపల గాలి చిల్లులున్న డబ్బా, డబ్బాలో పెన్సిలంత పాముపిల్ల.

మాలెక్ మర్నాడు రాలేదు, మరుసటి మంగళవారమూ రాలేదు. చిరునామాకు రాసిన ఉత్తరం తిరిగొచ్చింది. మరచిపోయిన వస్తువుల చిట్టాలో గొడుగుకూ చేతితొడుగులకూ గడులున్నాయి గాని ప్రాణమున్నదానికి లేదు. శుక్రవారం నాడు, ఆయన వచ్చేదాకానే కదా అనుకుని, వ్లస్తా దాన్ని స్కార్ఫులో చుట్టి ట్రాములో ఇంటికి తెచ్చుకుంది. ఖాళీ సంచీని మాత్రం తిరిగి అదే కొక్కేనికి తగిలించింది. అప్పటినుంచీ ఆ కొక్కేనికి ఇంకెవరి కోటూ ఎక్కలేదు.

పాముకు పేరు పెట్టలేదు. పరాయి సొమ్ముకు పేరు పెట్టడమేమిటి? రెండొందల పద్నాలుగు అని పిలిచేది. పెద్ద పెట్టె కొనకపోవడానికి కారణమూ అదే. పెద్ద పెట్టె కొన్నానంటే ఇది నాదేనని ఒప్పుకున్నట్టవుతుందని భయం. వ్లస్తాకు పెళ్ళి కాలేదు, తల్లి పోయి పదకొండేళ్ళు. ఆమె ఇంట్లో ఊపిరి తీసే రెండో ప్రాణి అదొక్కటే. దాన్ని ఆమె ప్రాణంగా చూసుకుంటోంది, ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. కానీ మొన్న ఆ చిరిగిన కుబుసం ఏరుతుంటే, ఇంక ఎవరొస్తారులే అనిపించింది.

మధ్యాహ్నం, సూప్ తాగే అరగంటలో, సూప్ మానేసి పివోన్కా కొట్టుకు వెళ్ళింది. చేపలూ, తాబేళ్ళూ, వాటి పెట్టెలూ అమ్మే కొట్టు. పివోన్కా ఆమెను చూడగానే కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

"ఏమండీ వ్లస్తా గారూ, ఇన్నాళ్ళకి ముహూర్తం కుదిరిందా?"

"చూడ్డానికొచ్చా."

"నాలుగేళ్ళుగా చూడ్డానికే వస్తున్నారు. కొట్టు నాదో మీదో నాకే అనుమానంగా ఉంది."

ఆమె నిలువుగా ఉన్న గాజుపెట్టె ముందు ఆగింది. అద్దాలు తళతళలాడుతున్నాయి, లోపల తీగలూ ఆకులూ.

"ఇది బావుంది."

"మీకు బావుంది. అంత ఎత్తు అదేం చేసుకుంటుందండీ, కోట్లు తగిలించుకుంటుందా? దానికి పొడుగు కావాలి. ఎప్పుడైనా ఒళ్ళు చాపుకుందామంటే అడ్డం రాకూడదు. మీదెంతుందిప్పుడు?"

"నూట పది."

"పడుకునుంటే కొలిచారా, పాకుతుంటేనా?"

"దారంతో. మూడుసార్లు."

పివోన్కా నవ్వాడు. పక్కనున్న మరో పెట్టె పొడుగు సరిపోయింది గాని మూత పైన ఉంది. వ్లస్తా మూత ఎత్తి చూస్తుంటే ఆయన తల అడ్డంగా ఊపాడు.

"పైనుంచి చెయ్యి పెట్టారంటే దాని లెక్కలో మీరు గద్ద. ఎన్నేళ్ళు పెంచినా గద్దే. ఎదురుగా తలుపుండాలి. మనిషి ఎదురుగా వస్తే దానికి భయముండదు."

వ్లస్తాకు మనసు చివుక్కుమంది. నాలుగేళ్ళుగా తను చెయ్యి పెడుతున్నది పైనుంచే. మూత తీసినప్పుడల్లా అది తల లోపలికి లాక్కోవడం, తను దాన్ని ముద్దుగా సిగ్గనుకోవడం గుర్తొచ్చాయి.

చివరికి చెక్క పెట్టె తేల్చుకుంది. ముందువైపు పక్కకు జరిగే రెండు అద్దాలు. ఒక మూల దీపం వేడి, రెండో మూల చల్లదనం, రెండు చోట్లా దాక్కోడానికి బోర్లించిన బెరడు.

"ఇదైతే ఇంక మార్చక్కర్లేదా?"

"మార్చక్కర్లేదు. ఇంకో జానెడు పెరుగుతుందేమో. బాగా చూసుకుంటే ఇరవై ఏళ్ళు బతుకుతుంది."

ఇంకా పదహారేళ్ళు. తనకు డెబ్భై ఎనిమిది వస్తాయి. ఆ లెక్క ఆమెకు ఎంతో బాగా కుదిరినట్టనిపించింది.

"రేపు శనివారం, పదింటికల్లా పంపిస్తా. ఏం పేరు రాయమంటారు?"

"నా పేరే."

"మీది కాదండీ, దానిది. పెట్టెకి చిన్న రేకు కొట్టిస్తాను, అందరికీ చేసేదే."

వ్లస్తా కొంచెంసేపు చేతిసంచీ పట్టీ నలుపుకుంది. "సాయంత్రం ఫోన్ చేసి చెప్తాను," అంది.

తిరిగి గ్రంథాలయానికి నడుస్తూ దారి పొడుగునా పేర్లు అనుకుంది. ఒక గసగసాల బన్ను కొనుక్కుని, బల్ల కింద దాచుకుని, తుంచుకు తింటూ కూడా పేర్లే అనుకుంది. ఎవరో రెండుసార్లు పిలిస్తేగాని వినిపించలేదు.

"అమ్మా, ఇది మీదే అనుకుంటా."

నల్లకోటు వేసుకున్న నలభై ఏళ్ళావిడ. బల్ల మీద ఒక ఇత్తడి బిళ్ళ పెట్టింది.

"ఒక్క నిమిషం," అంది వ్లస్తా.

బిళ్ళ ఆమె అరచేతిలోకి వచ్చింది, కాళ్ళు వాటంతటవే వెనక్కి తిరిగాయి. నాలుగో వరస, చివరినుంచి మూడోది. చెయ్యి సంచీని దింపింది, బల్ల దాకా మోసింది, ఆ మనిషి ముందు పెట్టింది. ముప్పై ఒక్క ఏళ్ళ అలవాటు. అదంతా అయ్యాకే ఆమె కళ్ళు బిళ్ళ మీది అంకె చదివాయి.

"అయ్యో, నేనేమీ తీసుకోడానికి రాలేదండీ. బిళ్ళ ఇచ్చిపోదామని వచ్చా," అంది ఆవిడ. "నా పేరు ఇవెటా. ప్రెరోవ్ నుంచొచ్చాను. ఇది మా నాన్నది, మాలెక్. పోయిన నెల పోయారు." సంచీలోకి తొంగిచూసింది. "ఇందులో ఏమైనా ఉండేదా?"

వ్లస్తా ముప్పై ఒక్క ఏళ్ళలో ఈ బల్ల దగ్గర అబద్ధమాడలేదు.

"ఏమీ లేదమ్మా. సంచే."

ఇవెటా సంచీని మడవబోయి ఆగింది.

"నాలుగేళ్ళ కిందట మాట పడిపోయిందండీ. ఆస్పత్రినుంచి నేరుగా మా ఇంటికే తెచ్చేశాం. ఒక్క మాటే వచ్చేది. పెట్టె. రోజూ ఈ బిళ్ళ చేత్తో పట్టుకుని, పెట్టె, పెట్టె. ఇంత అని చేతులతో చూపించేవాడు. మొదట్లో ఇంతే." జానెడు చూపించింది. "ఏడాదికేడాదీ పెద్దదయింది. మావారేమో, పాపం మావయ్య తన శవపెట్టె సంగతి చెప్తున్నాడన్నాడు. అంకె చూసి శ్మశానంలో చోటు కావాలంటున్నాడేమోనని అక్కడికీ వెళ్ళాం. రెండొందల పద్నాలుగు ఎవరో పళ్ళ డాక్టరుగారిదట. ఆయన మనవలు మామీద ఇంతెత్తున లేచారు." నవ్వబోయింది, నవ్వు మధ్యలోనే పోయింది. "మంచి ఓకు చెక్క శవపెట్టె కొన్నామండీ. అప్పు చేసైనా కొందామన్నాడు మావారు. మొన్న ఈ బిళ్ళని వెనిగర్‌తో తోమితే వెనకాల గ్రంథాలయం పేరు కనబడింది."

వ్లస్తా రెండు చేతులూ బల్ల అంచున పెట్టుకుంది. నాలుగేళ్ళుగా ఇక్కడ ఒకరు, అక్కడ ఒకరు, ఒక్క పామునే కొలుచుకుంటూ కూర్చున్నారు. ఆయన కొలత గాల్లో, ఆమె కొలత దారంతో. ఊరుకుంటే ఈ మనిషి సంచీ మడుచుకుని రైలెక్కి పోతుంది. రేపు పదింటికి పెట్టె వస్తుంది. ఊరుకుందామనే ఆమె అనుకుంది.

"చివర్లో ఎంత చూపించారు?" అని అడిగింది.

ఇవెటా చేతులు చాపింది. రెండు చేతులూ పూర్తిగా కాదు, కాస్త తక్కువ.

"శవపెట్టె కాదమ్మా," అంది వ్లస్తా.

ఐదున్నరకు ఇద్దరూ ట్రాము దిగి ఎనిమిదో అంతస్తు ఎక్కారు. గుమ్మం దగ్గర ఇవెటా బూట్లు విప్పింది. వచ్చినవాళ్ళ కోసం ఉంచిన చెప్పులు వ్లస్తా తీసిచ్చింది. అవి కొన్న నాటి బిరుసుతోనే ఉన్నాయి. ఇవెటా పాము పెట్టె ముందు నిలబడింది. తర్వాత నెమ్మదిగా చేతులు చాపి, గాలిలో ఆ కొలత పట్టి, అలాగే తెచ్చి పాము పక్కన పెట్టి చూసింది. ఏడుస్తోంది.

వ్లస్తా టీ కాచింది. ప్రశ్నలు మొదలుపెట్టింది. ఒక్కో ప్రశ్నకూ తప్పు జవాబు వస్తుందని ఆశ.

"ఇంట్లో పిల్లి ఉందా?"

"లేదండీ."

"ఎండ పడని గోడుందా? నూట ఇరవై ఉండాలి."

"నాన్న మంచం తీసేశాం. ఆ గోడ ఖాళీగానే ఉంది."

"దాని తిండికి చచ్చిన ఎలుకల్ని ఐస్‌పెట్టెలో పెట్టాలి. మీ ఆయనేమంటాడు?"

"మావారు చేపలు పడతాడు. మా ఐస్‌పెట్టెలో వానపాములుంటాయి." ఇవెటా కప్పు కింద పెట్టింది. "కానీ అమ్మా, పెంచింది మీరు. మీ దగ్గరే ఉండనివ్వండి. నేనప్పుడప్పుడూ వచ్చి చూసిపోతాను."

మాట వ్లస్తాతోనే అంటోంది గాని, చూపు పెట్టె మీదనుంచి తిప్పలేకపోతోంది. వ్లస్తా అది చూసింది. బిళ్ళ తిరిగొచ్చాక వస్తువు మాత్రం తన దగ్గరే ఉంచుకోవడం ఎలాగో ఆమెకు తెలియదు.

"బిళ్ళ వచ్చింది కదమ్మా," అంది.

దిండు గలీబు తెచ్చింది. ప్లాస్టిక్ పెట్టెను బల్ల మీద పక్కకు ఒరిగించి పడుకోబెట్టింది, మూత పైన కాక ఎదురుగా తనవైపు వచ్చేలా. మూత తీసి, పెట్టె ముందు అరచెయ్యి పెట్టి ఊరుకుంది. పాము ఈసారి తల లాక్కోలేదు. నాలుక ఆడించి, తనంతట తానే బయటికి వచ్చి, ఆమె మణికట్టు చుట్టుకుని, మోచేతి దాకా ఎక్కి ఆగింది. నాలుగేళ్ళలో ఎప్పుడూ అలా రాలేదు. వ్లస్తా కాసేపు అలాగే నిలబడింది. తర్వాత ఒక్కో చుట్టూ విప్పి గలీబులోకి వదిలింది.

"కోటు లోపల పెట్టుకో. చలి తగలనివ్వకు. వారం దాకా తిండి పెట్టకు, బెదురుంటుంది. చెయ్యి ఎప్పుడూ ఎదురుగా పెట్టు, పైనుంచి కాదు."

లిఫ్టు తలుపు మూసుకున్నాక ఆమె పివోన్కాకు ఫోన్ చేసి, పెట్టెను ప్రెరోవ్ పంపమని చిరునామా చెప్పింది.

"అదేంటండీ, అంత చూసి చూసి కొని?" అన్నాడాయన. ఆమె చిరునామా మళ్ళీ ఒకసారి చెప్పేసరికి గొంతు తగ్గించాడు. "సరే లెండి. మరి పేరేం కొట్టించను?"

"వాళ్ళనడగండి," అంది వ్లస్తా.

టీ కప్పులు రెండూ కడిగింది. బిరుసు చెప్పుల్ని గుమ్మం దగ్గర జతగా సర్దింది. ప్లాస్టిక్ పెట్టె కడిగి బోర్లించింది. మంచాన్ని మళ్ళీ గోడ దగ్గరికి లాగుదామని ఒక కాలు జరిపి, వదిలేసింది. వంటింటికీ కిటికీకీ మధ్య తిరుగుతున్నప్పుడల్లా ఆ మూల దగ్గరికొచ్చేసరికి, అక్కడేదో ఉన్నట్టు, కాస్త పక్కకు తప్పుకుని నడిచింది. గోడ పక్కన నేల మీద మూడు వార్తాపత్రికల కాగితాలు, నూట ఇరవై పొడుగు, అరవై వెడల్పు, అంచుకు అంచు ఆని పరిచి ఉన్నాయి.