నిమిషానికి నలభై రెండు

సాయంత్రం నాలుగు దాటాక పొడుగామె వేళ్లు రెండు మిషను కింద నలిగాయి, అప్పుడు కూడా మేస్త్రీ చెయ్యి ఆగలేదు. ఇనుప స్తంభాన్ని కడ్డీతో ఠంగు ఠంగుమని కొడుతూనే ఉన్నాడు. డబ్బా మూతలు చేసే ఆ రేకుల షెడ్డులో పద్ధతే అంత, దెబ్బకో మూత. రేకు ముక్క అచ్చు మీద పెట్టాలి, చెయ్యి తియ్యాలి, దెబ్బ పడగానే కాలితో పెడలు తొక్కాలి. పన్నెండు మిషన్లు, పన్నెండుమంది ఆడవాళ్లు, అందరికీ ఒకటే దెబ్బ. పొడుగామె గావుకేక పెట్టాక కూడా మిగిలినవాళ్ల కాళ్లు ఇంకో నాలుగు మూతలు తొక్కాయి. చెప్పుకుంటే సిగ్గుచేటే, కానీ జరిగింది అదే.

ముందుగా లేచింది పక్క మిషను మీది టెన్తమ్మ. కూతురి పదో తరగతి చదువు తప్ప ఆమె నోట మరో కబురుండదు గనక షెడ్డులో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు.

"ఆపండి మేస్త్రీ గారూ, మనిషి చచ్చిపోతోంది!" అని అరుస్తూ తలగుడ్డ విప్పి పొడుగామె చేతికి చుట్టింది.

మేస్త్రీ వచ్చి కడ్డీతో ఆమె భుజం మీద ఒక్కటిచ్చాడు. "నిన్నెవరు లెమ్మన్నారే? దెబ్బ ఆపానా నేను?" రెండోది మోచేతికి తగిలింది. చెయ్యి జివ్వుమని తిమ్మిరెక్కింది.

పొడుగామెను బండిలో వేసి పంపాక అతను కాస్త చల్లబడ్డాడు. "రేపు కాగితం తెస్తాను. కునుకు తీసి చెయ్యి పోగొట్టుకుందని నువ్వే సాక్షి. వేలిముద్ర వేసి నీ పని చూసుకో. వెయ్యనంటే గేటు అదిగో."

టెన్తమ్మకు ఆ మాటలో అబద్ధమేమీ కనపడలేదు. పొద్దుట్నుంచీ ఒకటే దెబ్బ కదా! పదకొండుమంది తియ్యగలిగిన చెయ్యి ఇదొక్కతే తియ్యలేకపోతే కునుకు కాక మరేమిటి? బండెక్కుతూ పొడుగామె కూడా, "నాదే తప్పక్కా, కన్ను మూతపడిందేమో" అని ఏడ్చింది. ఆ వేలిముద్ర పడితే దాని చేతికి పైసా నష్టపరిహారం రాదు. ఆ సంగతి మేస్త్రీకీ తెలుసు, టెన్తమ్మకీ తెలుసు.

ఇంటికొచ్చేసరికి కూతురు నూనె డబ్బా బోర్లించి రెండు కర్రలతో వాయిస్తోంది. ఆ చప్పుడుకి టెన్తమ్మ వాచిన భుజం భగ్గుమంది. కర్ర లాక్కుని పిల్ల వీపు మీద ఎడాపెడా బాదేసింది.

"అక్కడ మనిషి వేళ్లు నలిగిపోతే చూసి నేనొస్తే, ఇక్కడ నీకు డబ్బా మోతా?"

"ఇదీ పరీక్షే అమ్మా! సంగీతం పరీక్ష!"

సంగీతం టీచరు పెట్టిన పని అది. వారం రోజులు ఒకే చప్పుడు వినాలి. గడియారం చూసుకుని నిమిషానికెన్ని దెబ్బలో రాసుకోవాలి. దాంతో సొంతంగా ఒక వరస కట్టి అందరి ముందూ వాయించాలి. మిగతా పిల్లలు పిట్టల్నీ వాననీ ఎంచుకుంటే ఈ పిల్ల షెడ్డు గోడ వెనక నిలబడింది. బడికి పోతూ ఒకసారి, మధ్యాహ్నం తల్లికి క్యారేజీ ఇచ్చి ఒకసారి, బడి వదిలాక ఒకసారి.

"పొద్దున ముప్ఫై అమ్మా. భోజనాలయ్యాక ముప్ఫై ఆరు. నాలుగింటికి నలభై రెండు. ఆరు రోజులూ అంతే."

"నోర్ముయ్! పదేళ్లుగా ఆ దెబ్బ మీదే బతుకుతున్నాను. నాకు తెలియనిది నీకు తెలుసా?"

పిల్ల ముక్కు తుడుచుకుంది. "రేపు బళ్లో వాయిస్తాను. వచ్చి విను, నీకే తెలుస్తుంది." వీపు మీద తట్లు చూసి తల్లి మనసు చివుక్కుమంది. సరేనంది.

మర్నాడు భోజనాల గంటలో టెన్తమ్మ బడి హాల్లో వెనక బెంచీ మీద కూర్చుంది. పిల్ల మొదటి దెబ్బ వెయ్యగానే ఆమె కాలు తనంతట తానే నేలను తొక్కింది. చెయ్యి ఒళ్లో లేని రేకును పెట్టి తీస్తోంది. పక్కనున్న తల్లులు ముసిముసిగా నవ్వుకున్నారు. పిల్ల ఎక్కడా ఆగకుండా దెబ్బను రవ్వంత రవ్వంత ముందుకు జరుపుతోంది. ఎప్పుడు పెరిగిందో పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. టెన్తమ్మకు మాత్రం ఒళ్లంతా చెమట పట్టింది. పిక్క పట్టేసింది. చివరికి కాలు తొక్కేసింది, చెయ్యి ఇంకా అక్కడే ఉంది.

"అమ్మో!" అని కేక పెట్టి వేళ్లను గుప్పిట్లో దాచుకుంది. హాలంతా వెనక్కి తిరిగి చూసింది.

పిల్ల తిరగలేదు. ఒక్కసారిగా మళ్లీ పొద్దుటి దెబ్బకొచ్చింది. ఎంత నిదానం! షెడ్డులో నాలుగింటి దెబ్బకీ పొద్దుటి దెబ్బకీ మధ్య ఒక రాత్రి గడిచిపోతుంది. అందుకే పదేళ్లుగా ఆ తేడా చెవిన పడలేదు.

"నిన్న అది మేలుకునే ఉంది," అని పైకే అనేసింది టెన్తమ్మ. "అయ్యయ్యో, మేలుకునే ఉంది."

షెడ్డుకొచ్చేసరికి కాగితం ఆమె మిషను మీదే ఉంది. మేస్త్రీ సిరా డబ్బీ మూత తీశాడు.

"వెయ్యను," అంది. "అది కునుకు తియ్యలేదు. మీ కడ్డీ పరిగెత్తింది. పొద్దున ముప్ఫై, నాలుగింటికి నలభై రెండు."

"ఎవత్తె లెక్కపెట్టింది?"

"నా కూతురు. సంగీతం చదువుతోంది."

చెంప పేలిపోయేలా కొట్టాడు. పెదవి చిట్లింది. సిరా డబ్బీ ఎగిరి కాగితం మీదే ఒలికింది. "సంగీతం కావాలా? అయితే విను!" అంటూ స్తంభాన్ని నలభై రెండును మించి వాయించడం మొదలుపెట్టాడు.

టెన్తమ్మ తన మిషను ముందు కూర్చుంది. రేకు పెట్టి చెయ్యి తీసింది. నోట్లో నెత్తురు మింగి, పొద్దుటి దెబ్బను గుర్తు చేసుకుంది.

"ఒకటీ," అని పెడలు తొక్కింది. "రెండూ." కడ్డీ దారి కడ్డీది, ఆమె దారి ఆమెది. పక్కన పొడుగామె మిషను ఖాళీగా ఉంది. అచ్చు మీది మరక ఇంకా ఎవరూ తుడవలేదు. దాని అవతలి మిషను మీది ముసలామె గొంతు కలిపింది. "మూడూ." ఇద్దరి కాళ్లూ ఒక్కసారే పడ్డాయి. నాలుగో లెక్కకు అయిదారు గొంతులయ్యాయి.

స్తంభం మీద చప్పుడు ఆగింది. మేస్త్రీ అడుగులు ఆమె వెనక్కొచ్చి నిలబడ్డాయి. పైకి లేచిన కడ్డీ నీడ రేకు మీద పడింది.

టెన్తమ్మ తల తిప్పలేదు. చెయ్యి తీసి, "అయిదూ" అంది. షెడ్డంతా అంది.