గట్టు వెనక పడవ

పడవలో రాత్రి కురిసిన వాన నీళ్ళు చీలమండల దాకా చేరి ఉన్నాయి. ఐలెర్ట్ పాత పెయింటు డబ్బాతో వాటిని తోడి పోస్తున్నాడు. ఇరవై డబ్బాలకోసారి ఆగి, ఎడమ చెయ్యి విదిలించుకుని, మళ్ళీ తోడుతున్నాడు. నిరుడు ఇదే పడవ నీళ్ళు ఒక్క ఊపులో తోడేసేవాడు. చెయ్యి బరువెక్కడం డబ్బా తప్పేనని అతని నమ్మకం. అడుగున తుప్పు పేరుకుని డబ్బాకి బరువు వచ్చిందట.

జూన్ నెల వచ్చింది గానీ, వేసవి వచ్చిందన్న కబురు ఇంకా స్యోర్‌హోల్మ దీవికి అందలేదు. ఐలెర్ట్ ఉన్ని టోపీ చెవుల కిందికి లాక్కున్నాడు. తెడ్లు లోపల పెట్టాడు. చివరికి కొట్టంలోంచి చేతివల తీసుకొచ్చాడు. మనిషికి రెండింతల పొడుగు కర్ర, కొసన ఇనప వలయం, దానికి ఆకుపచ్చ నూలు వల. ఒక ముడి వదులైంది. పళ్ళతో పట్టుకుని బిగించి, వలని పడవ ముందు కొసకి ఆనించాడు.

ఊళ్ళో ఫుట్‌బాల్ మైదానానికి ఒకవైపు కొండ, ఇంకోవైపు సముద్రం. మధ్యలో మిగిలిన గులకనేల ఎంత ఉందో మైదానం అంతే. సముద్రం వైపు గోల్‌పోస్టుకి పది అడుగుల వెనక, అలలు లోపలికి రాకుండా బండరాళ్ళతో రెండు నిలువుల ఎత్తు గట్టు కట్టారు. పైకి కొట్టిన బంతి ఆ గట్టు దాటి సముద్రంలో పడుతుంది. దాన్ని పట్టుకు రావడానికి గట్టు కింద ఒక పడవ ఉండాలి, పడవలో ఒక మనిషి ఉండాలి. ఇరవై రెండేళ్ళుగా ఆ మనిషి ఐలెర్ట్. వారమంతా చేపల షెడ్డులో కాడ్ చేపల తలలు కోసేవాడు. సాయంత్రాలూ ఆదివారాలూ బంతులు పట్టేవాడు. వల తడవకుండా ఇంటికెళ్ళిన రోజు అతనికి గుర్తు లేదు. ఎవరో ఒకరు పైకి కొడతారు.

ఒక బంతిని సీల్ జంతువు ఎత్తుకుపోతే, హెర్రింగు చేప ఒకటిచ్చి బేరమాడి విడిపించుకున్నాడని షెడ్డులో చెప్పుకుంటారు. అది అబద్ధం. రెండు ఇచ్చాడు. ఇంకో బంతి మూడు రోజులు తేలుతూ పోయి అవతలి దీవివాళ్ళ వలలో పడింది. వాళ్ళు దాన్ని తూకం వేసి, పొట్ట చీల్చబోయే ముందు అనుమానం వచ్చి ఫోన్ చేశారు.

గట్టు మీద బోర్గ్‌హిల్డ్ కనిపించింది. ఐలెర్ట్ భార్య. ఒక చేతిలో వాఫుల్ అట్లకి పిండి బకెట్టు, ఇంకో చేతిలో జున్ను దిమ్మ.

"ఏమయ్యా, మాత్ర వేసుకున్నావా?"

"వేసుకున్నా."

"మాత్ర నా జేబులో ఉంటే నువ్వు వేసుకుందేమిటో?"

ఐలెర్ట్ తెడ్డు సర్దుకున్నాడు. సమాధానం దొరకనప్పుడు అతనికి తెడ్డెప్పుడూ వంకరగానే కనిపిస్తుంది.

"ఇవాళే ఆఖరు. డాక్టరు ముందు ఒప్పుకున్నావు," అంది ఆమె.

"ఒప్పుకున్నాగా. అమ్మాయి కూడా ఇవాళే ఆపేస్తోంది."

అమ్మాయంటే గున్‌వోర్. అమ్మాయికి ముప్ఫై అయిదేళ్ళు. దేశం జట్టుకి అరవై నాలుగు గోల్స్ కొట్టింది. ఉదయం పోస్టు సంచీ వేసుకుని ఇంటింటికీ ఉత్తరాలు పంచుతుంది, సాయంత్రం మైదానంలో ఒంటరిగా బంతి కొట్టుకుంటుంది. మోకాలు మూడుసార్లు కోశారు. నాలుగోసారి కొయ్యడానికి అక్కడేమీ మిగల్లేదని చెప్పారు. అందుకని పొరుగూరు క్రోక్‌విక జట్టుతో సొంత ఊళ్ళో ఒక్క ఆట ఆడి, ఆపేద్దామనుకుంది.

దేశానికి ఆమె గోల్స్ తెలుసు. ఐలెర్ట్‌కి ఆమె పోగొట్టుకున్న బంతులు తెలుసు.

మొదటిది ఆమెకి పదమూడేళ్ళప్పుడు వచ్చింది. గట్టు దాటొచ్చి సూటిగా అతని కాఫీ ఫ్లాస్కు మీద పడింది. కాసేపటికి గట్టు మీద ఒక తల లేచింది. "ఎవరి పిల్లవి?" అని అడిగాడు. "బంతి ఇస్తే చెప్తా," అంది. ఆ రోజే ఇద్దరికీ ఒక పద్ధతి కుదిరింది. బంతి విసిరేసి, పడవ మళ్ళీ తన చోటికి చేరాక, ఐలెర్ట్ తెడ్డుతో పడవ అంచు మీద మూడుసార్లు కొడతాడు. అది వినపడితేనే ఆమె గట్టిగా కొడుతుంది. ఆ తరవాత ఇద్దరూ కలిపి మాట్లాడుకున్న మాటలు ఒక పోస్టుకార్డులో పట్టేస్తాయి.

దేశం జట్టులోకి తీసుకున్న ఏడాది బంతులు తక్కువొచ్చాయి. పరాయి దేశంలో ఫైనల్ గెలిచి, పతకం పోస్టు సంచీలో వేసుకుని తిరిగొచ్చిన మర్నాడు, మొదటి బంతే గట్టు దాటింది. "నిద్ర చాల్లేదా?" అన్నాడు ఐలెర్ట్. ఆమె తల్లి చనిపోయిన వారం ఒక సాయంత్రం ముప్ఫై ఒక్కసారి బంతి వచ్చింది. అవి గోల్ వైపు కొట్టినవి కావని శబ్దంలోనే తెలిసింది. ముప్ఫై ఒక్కసారీ తెచ్చి విసిరాడు, ముప్ఫై ఒక్కసారీ తెడ్డు కొట్టాడు. ఏమీ అడగలేదు. మోకాలు కోయించుకున్న ఏడాది ఆమె బంతి ఒక్కటీ రాలేదు. అయినా వెళ్ళి పడవలో కూచునేవాడు. ఎందుకని అడిగితే, అలవాటు తప్పితే పడవ ఎండి పగులుతుందన్నాడు.

కానీ ఇన్నేళ్ళలో ఆమె కొట్టిన గోల్ ఒక్కటీ అతను చూడలేదు. గట్టు అడ్డం. పడవలోంచి చూస్తే ఆకాశం కనిపిస్తుంది, వచ్చిన బంతి కనిపిస్తుంది. రాని బంతి ఏమైందో అరుపుల్ని బట్టి ఊహించుకోవాలి. టీవీలో చూశావుగా అంటే, టీవీలో రాజుగారినీ చూశాను, అంతమాత్రాన ఆయన నాకు తెలిసినట్టా అనేవాడు. ఈ మధ్యే, డాక్టరు మాట విన్నాక, ఆ గోల్ సంగతి మనసులో ముల్లులా గుచ్చుకోవడం మొదలెట్టింది. ఇవాళ చూడకపోతే ఇక లేదు.

ఒంటిగంటకి ఈల మోగింది. మొదటి సగంలో సముద్రం వైపు కొట్టేది క్రోక్‌విక వాళ్ళు. వాళ్ళ బంతొకటి గట్టు దాటి, నీళ్ళ దాకా రాకుండా గవ్వలు పట్టిన రాళ్ళ మీద పడి, పెద్ద నిట్టూర్పు విడిచి చచ్చిపోయింది. ఐలెర్ట్ రాళ్ళ మీదికి పాక్కుంటూ వెళ్ళి దాన్ని చేత్తోనే తీశాడు. హాఫ్‌టైంలో ఆ తోలు చంకలో పెట్టుకుని గట్టెక్కాడు. ఇరవై ఆరు మెట్లు. రెండుచోట్ల ఆగి సముద్రం చూశాడు, చూడ్డానికే ఆగినట్టు.

"ఇక ఉన్నది ఒక్క బంతి. ఇదీ పోతే ఆట ఆపేసి ఇళ్ళకి పోవడమే," అని రెఫరీ అందరికీ చెప్పాడు.

వాఫుల్ బల్ల దగ్గర గున్‌వోర్ చేపల పెట్టె మీద కూచుని మోకాలికి కట్టు బిగించుకుంటోంది. ఐలెర్ట్‌ని చూసి కాఫీ కప్పు జరిపింది.

"ఎలా ఉన్నావు పడవాయనా?"

"పాతబడ్డాను. నువ్వో?"

"నేనూ అంతే."

"ఇద్దర్నీ కలిపితే ఒక మంచి మనిషి తయారవుతాడు," అంది బోర్గ్‌హిల్డ్, వాఫుల్ మడతలో జున్ను పెడుతూ. "మా ఆయన మోకాళ్ళు బానే ఉన్నాయి."

గున్‌వోర్ నవ్వింది. తరవాత, ఇన్నేళ్ళుగా దాచుకున్న మాటలా అడిగింది. "నా గోల్స్‌లో నీకేది బాగా అనిపించింది? ఎప్పుడూ చెప్పలేదు."

"చూస్తే కదా చెప్పడానికి."

"ఒక్కటీ చూళ్ళేదా?"

"ఇటొచ్చినవే నాకు తెలుసు. లోపలికి పోయినవి నా దాకా రావుగా."

"అయితే ఇరవై రెండేళ్ళుగా నేనెవరిననుకుంటున్నావు?"

"బంతి ఎప్పుడూ పైకి కొట్టే మనిషివి," అన్నాడు ఐలెర్ట్. "జట్టులో ఎందుకు ఉంచుకున్నారా అనుకునేవాణ్ణి."

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు కప్పుల్లోకి నవ్వారు. గున్‌వోర్ నవ్వలేదు. లేచి కట్టు మీద ఓసారి చరుచుకుంది.

"రెండో సగం ఇటువైపే కొడతాం. ఈ పెట్టె మీద కూచుని చూడు."

"బంతెవరు తెస్తారు? ఆటు మొదలైంది, నీళ్ళు వెనక్కి లాగుతున్నాయి. పదినిమిషాల్లో జలసంధిలో ఉంటుంది."

"పైకి కొట్టను. అన్నీ నేలబారునే. మాటిస్తున్నా."

"నువ్వా?"

"నేనే."

ఐలెర్ట్ బోర్గ్‌హిల్డ్ వంక చూశాడు. ఆమె పెట్టె మీద దిండు పరిచింది. మాత్ర చేతిలో పెట్టి, అతను మింగి నోరు తెరిచి చూపించేదాకా అక్కడే నిలబడింది.

అలా ఐలెర్ట్ మొదటిసారి ఆమె ఆట చూశాడు. అనుకున్నదానికంటే తక్కువ పరిగెడుతోంది. మిగతావాళ్ళు బంతి ఉన్నచోటికి పోతుంటే, ఈమె బంతి రాబోయే చోటికి ముందే వెళ్ళి, బస్సుకోసం నిలబడ్డట్టు నిలబడుతోంది. బంతి నిజంగానే అక్కడికే వస్తోంది. క్రోక్‌విక పిల్లలిద్దరు, ఆమెలో సగం వయసువాళ్ళు, చెరో పక్కన వేలాడుతున్నారు. ఆమె ఒక్క భుజం కదిపితే ఇద్దరూ తప్పు దిక్కుకి వెళ్ళిపోతున్నారు.

కొట్టేదగ్గరే ఏదో తేడాగా ఉంది. మొదటి అవకాశంలో కాలు వెనక్కి ఎత్తింది, గట్టు వంక చూసింది, కాలు సగంలో దించి మెల్లగా తోసింది. బంతి గోల్‌కీపర్ చేతుల్లోకి దొర్లింది. రెండోసారీ అంతే. మూడోసారి ముందర గోల్‌కీపర్ తప్ప ఎవరూ లేరు. గున్‌వోర్ పాదం పక్కతో తాకించింది. గోల్‌కీపర్ వంగి, కింద పడ్డ టోపీ తీసుకున్నట్టు తీసుకుంది.

జనంలో ఎవరో దగ్గారు. ఆ ఊళ్ళో పొగడరు, తిట్టరు. ఎంత గొప్పగా ఉన్నా "చెడ్డగా లేదు" అంటారు, ఎంత చెత్తగా ఉన్నా దగ్గుతారు. గున్‌వోర్ ఆటకి ఆ ఊళ్ళో ఎవరూ దగ్గడం ఐలెర్ట్ ఇంతవరకు వినలేదు.

ఇంకా ఎనిమిది నిమిషాలుంది. రెండువైపులా గోల్ లేదు. గున్‌వోర్ నడుం మీద చేతులు పెట్టుకుని నేలకేసి చూస్తోంది. ఐలెర్ట్‌కి విషయం అర్థమైంది. అతను ఇక్కడ కూచున్నంతసేపూ ఆమె కొట్టలేదు. వెనక ఎవరూ లేరని ఆ కాలికి తెలుసు.

దిండు కింద పెట్టి లేచాడు.

"ఎక్కడికి?" అంది బోర్గ్‌హిల్డ్.

"పడవ తాడు వదులైనట్టుంది."

"కట్టింది నువ్వేగా."

"అందుకే."

మెట్లు దిగుతూ మూడుచోట్ల ఆగాడు. ఈసారి సముద్రం చూడలేదు. తాడు విప్పి పడవెక్కి, నాలుగు తెడ్లు వేసి తన చోటికి చేరాడు. ఎదురుగా గట్టు, పైన బూడిదరంగు ఆకాశం, పడవ పక్కన నీళ్ళ మీద ఒక తెల్ల సముద్రపక్షి. అంతా ఎప్పటిలాగే ఉంది. తెడ్డెత్తి పడవ అంచు మీద మూడుసార్లు కొట్టాడు. తెడ్డు పక్కన పెట్టి, వల తీసుకుని నిలబడ్డాడు.

పైన పాదాల చప్పుడు. ఎవరో పేరు పెట్టి పిలిచారు. తరవాత ఆ శబ్దం వచ్చింది. తడి దుప్పటిని బండకేసి బాదినట్టు. అలా కొట్టేది దీవి మొత్తానికి ఒక్కరే. ఐలెర్ట్ వల ఎత్తి ఆకాశంలోకి చూశాడు.

ఆకాశంలో ఏమీ రాలేదు. గట్టు వెనక గోల్ వల సర్రుమంది. రెండు వందలమంది, దగ్గడానికీ చెడ్డగా లేదనడానికీ మాత్రమే నోరు తెరిచేవాళ్ళు, ఒక్కసారిగా అరిచారు. కొండ మీంచి మేకలు దిగి పారిపోయాయని తరవాత చెప్పుకున్నారు. అందులో కొంత నిజం ఉంది, ఒక మేక దిగింది.

ఐలెర్ట్ వల దించలేదు. అరుపులు పూర్తిగా ఆగేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"చెడ్డగా లేదు," అని పక్కనున్న పక్షితో అన్నాడు.

తరవాత వలని దాని చోట ఆనించాడు. ఎడమ చెయ్యి మళ్ళీ బరువెక్కింది. ఈసారి చేతిలో డబ్బా లేదు. పలక మీద కూచుని, టోపీ కళ్ళ మీదికి లాక్కుని, గట్టుకి వీపు ఆనించినంత హాయిగా వెనక్కి వాలాడు.

ఆట అయ్యాక గున్‌వోర్ బంతి చంకలో పెట్టుకుని కుంటుకుంటూ మెట్లు దిగింది. పడవ ఆటుతోపాటు మెల్లగా తిరుగుతూ దూరంగా జరుగుతోంది.

"పడవాయనా, తెడ్డు విన్నాను," అంది. "ఈసారి నీకు పనిపెట్టలేదు, చూడు."

పడవ ఇంకో చుట్టు తిరిగింది. అతని ముఖం ఇటు వచ్చింది, మళ్ళీ అటు వెళ్ళింది. గున్‌వోర్ బంతి రాళ్ళ మీద పెట్టి, కట్టు కట్టిన మోకాలితోనే నీళ్ళలోకి దిగింది. ఇరవై రెండేళ్ళలో ఆమె అటు దిగడం అదే మొదలు. నీళ్ళు నడుం దాకా వచ్చాయి, రొమ్ముల దాకా వచ్చాయి. పడవ అంచు దొరికింది. వెనక్కి నడుస్తూ ఒడ్డుకి లాక్కొచ్చింది.

బోర్గ్‌హిల్డ్ కాగితంలో చుట్టిన వాఫుల్‌తో దిగివచ్చి, పడవలోకి చూసి, వాఫుల్ జేబులో పెట్టుకుంది. అతని టోపీ పైకి జరిపి సరిచేసింది.

"గోల్ చూశాడా?" అని అడిగింది.

"లేదు," అంది గున్‌వోర్. "వలతో సిద్ధంగా ఉన్నాడు."

నలుగురు అతన్ని గట్టు మీదికి మోసుకెళ్ళారు. పడవని రాళ్ళకి కట్టారు. పెయింటు డబ్బా, తెడ్లు కొట్టంలో పెట్టారు. వల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. పొద్దున పళ్ళతో బిగించిన ముడితో, పొట్టలో గాలి నింపుకుని, అది పడవ ముందు కొసన అలాగే నిలబడి ఉంది, ఒక్క చుక్కైనా తడవకుండా.