చిలకకు రెండు బ్రేకులు

మా ఆయనకు పెళ్ళాం ఒక్కతే, కార్లు మాత్రం మూడు. ఆ మూడూ ఒకదాని వెనక ఒకటి గడప దాటి వెళ్ళిపోయాయి, నేను మిగిలాను. మిగిలినదాన్ని ఎవరూ తలుచుకోరు కదా. అందుకని మా ఇంట్లో పొద్దున లేస్తే ఆ వెళ్ళిపోయినవాటి ముచ్చటే.

మొదటిది తాబేలు. ఎన్ని చేతులు మారి మా చేతికి వచ్చిందో దానికే తెలియాలి. వాన పడితే లోపల కూర్చుని గొడుగు వేసుకునేవాళ్ళం. రెండోది చిలక, పేరుకు తగ్గట్టు ఆకుపచ్చది. మూడోది దొర. దానికి ఏసీ ఉండేది, మీట నొక్కితే అద్దాలు దిగేవి. అయినా దొరతో మాకు చనువు కుదరలేదు. అందులో కూర్చుంటే పరాయివాళ్ళ ఇంటికి పేరంటానికి వెళ్ళినట్టు ఒద్దికగా ఉండాల్సి వచ్చేది. ఆ దొర మీద మోజుతోనే చిలకను అమ్మేశాం.

మా ఆయనది తూకం మిషన్లు బాగుచేసే పని. మిల్లులు, గోదాములు, బజారు కొట్లు, ఎక్కడ ముల్లు తప్పుగా చూపిస్తే అక్కడికి వెళ్ళాలి. పనిముట్ల పెట్టె, ఇనప రాళ్ళు చిలక వెనక సీటులో పడేసుకుని తిరిగారు. మా అమ్మాయి ఆ రాళ్ళ మధ్యే నిద్రపోతూ పెరిగి పెద్దదైంది. నేను ఇంటి ముందు గదిలో కుట్టుమిషన్ పెట్టుకుని బట్టలు కుడతాను. సాయంత్రం చిలక వచ్చి ఆగితే మిషన్ ఆపేదాన్ని. అదే నా గడియారం.

"చిలక ఉంటేనా!" అని మా ఆయన కుర్చీలో కూర్చుని నిట్టూర్చినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఒకరోజు ఉండబట్టలేక అనేశాను.

"ఉన్నన్నాళ్ళూ దాన్ని తిట్టని రోజుందా? ఎండాకాలం పొగలు కక్కితే నడిరోడ్డు మీద కాలితో తన్నింది మీరు కాదూ? చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అన్నారా!"

అని, వెంటనే నాలిక కరుచుకున్నాను. కళ్ళ మాట ఆయన ముందు ఎత్తకూడదని ఒట్టు పెట్టుకున్నదాన్ని.

ఆయనకు నీటికాసులు. చూపు అంచుల నుంచి మూసుకుంటూ వచ్చింది. ఒక కన్ను దాదాపు పోయింది. రెండో కంట్లో నడిమధ్య కాస్త మిగిలింది, గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నంత మేరకే కనిపిస్తుంది. పోయిన చూపు రాదని, ఆ మిగిలినదైనా నిలవాలంటే పొద్దునా సాయంత్రం చుక్కలు వేయాలని, నెలనెలా వచ్చి చూపించుకోవాలని డాక్టరు చెప్పాడు. మానేస్తే అదీ పోతుందని నాతో విడిగా, గట్టిగా చెప్పాడు.

మా ఆయన రెండూ మానేశారు.

"చుక్కలెందుకు? చూసేదంతా చూసేశాను. ఇంకేం మిగిలిందని?" అనేవారు. నేను సీసా పట్టుకుని దగ్గరికి వెళితే కళ్ళు గట్టిగా మూసుకుని మొహం తిప్పుకునేవారు. బతిమాలాను, తిట్టాను, ఏడ్చాను. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. పోనీ ఆసుపత్రికైనా తీసుకెళదామని టాక్సీ పిలిస్తే అందులో కూర్చోరు. కూర్చున్నా నాలుగు వీధులు దాటనివ్వరు. "క్లచ్చు మీద కాలు తియ్యవయ్యా, దాని ప్రాణం తీస్తున్నావ్" అని డ్రైవరుతో గొడవ. చివరిసారి ఆ డ్రైవరు మమ్మల్ని దారిలోనే దింపేసి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి ఆయన గడప దాటలేదు. ఆ కుర్చీ ఆయన్ని కొంచెం కొంచెంగా మింగేస్తుంటే నేను మిషన్ దగ్గర కూర్చుని చూస్తూ ఉన్నాను.

అప్పుడు నాకొక వెర్రి ఆలోచన వచ్చింది. పరాయివాడు నడిపితే కదా గొడవ, నేనే నేర్చుకుంటే? ఈ వయసులో నీకిదేం పోయేకాలమే అని నన్ను నేనే తిట్టుకుని, కుట్టిన బట్టలు ఇచ్చొస్తానని ఆయనతో చెప్పి, వెళ్ళి డ్రైవింగ్ స్కూల్లో చేరాను.

స్కూలు నడిపేది ఒకావిడ. మనిషి భారీ, గొంతు అంతకన్నా భారీ. నన్ను "అక్కా" అంటూనే వాయించేది. తెల్ల కారు, నెత్తిన స్కూలు పేరున్న బోర్డు. నేర్పే మనిషి కూర్చునే పక్క సీటు కింద కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉంటాయి. మనం చేసే తప్పుకు వాళ్ళు అక్కడ అడ్డుపడతారన్నమాట. మొదటి రోజు స్టీరింగు ముందు కూర్చోగానే దేవుడా అని పైకి చూశాను.

పైన నా కుట్టు కనిపించింది.

కారు కప్పుకు లోపలివైపు బూడిదరంగు గుడ్డ. ఒక మూల గుడ్డ చాలక, పసుపు పూల ముక్క అతికి ఉంది. అది మా అమ్మాయి గౌను కుట్టగా మిగిలిన ముక్క. చిలక కప్పు గుడ్డ జారి మా నెత్తిన పడుతుంటే, నేనే కొలతలు తీసి, కత్తిరించి, మిషన్ మీద వేసి, చివర చేత్తో బిగించాను. ఆ బిగింపు చూడగానే తెలిసిపోయింది. తన పిల్ల వీపు మీది పుట్టుమచ్చ తల్లికి తెలియదా? రంగు మార్చుకుని, నెత్తిన బోర్డు పెట్టుకుని, చిలక నన్ను తన ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. ఎక్కడో తుక్కుగా నలిగిపోయి ఉంటుందని మేం ఇంట్లో కూర్చుని సంతాపాలు పెడుతుంటే, అది రోజూ మా ఊరి వీధుల్లోనే తిరుగుతోంది!

"ఇది ముందు ఆకుపచ్చది కదూ?" అన్నాను.

"మీకెలా తెలుసక్కా? నేనే తెల్లరంగు వేయించాను. ఇంజను మాత్రం అదే, ముట్టుకోలేదు. ఈ బండి మీద చెయ్యి తిరగని వాళ్ళు మన చుట్టుపక్కల తక్కువ. అంబులెన్సు నడిపేవాళ్ళు, పాల వ్యాను వాళ్ళు, అంతెందుకు, మన ఊరి కళ్ళ డాక్టరు కూడా దీంట్లోనే నేర్చుకున్నాడు. గేటుకు గుద్దాడు కూడా!"

నేను నోరు తెరుచుకుని విన్నాను. మా దగ్గర ఉంటే మమ్మల్ని మాత్రమే మోసేది. ఎంతమంది భయాన్ని ఈ కప్పు కింద కూర్చోబెట్టుకుని పోగొట్టి పంపిందో! కారును చూసి కన్నీళ్ళు వస్తాయని నాకు అంతవరకు తెలియదు.

ఆ రోజు ఒక్క ముక్క నేర్చుకుంటే ఒట్టు. జరిగిందంతా ఆవిడకు చెప్పుకున్నాను. చివరికి కోరిక బయటపెట్టాను.

"ఒక్కసారి ఆయన్ని కూర్చోబెడతావా? ఆ సీట్లో?"

"అమ్మో! చూపు లేని మనిషికి స్టీరింగా? నా స్కూలు మూయించడానికి వచ్చారా అక్కా?"

"రోడ్డు మీద కాదమ్మా, మీ మైదానంలోనే. బ్రేకు నీ కాళ్ళ కింద ఉంటుందిగా."

ఇంకా బతిమాలాను. ఆవిడ చివరికి, స్కూలుకు సెలవు రోజున, మైదానం గేటు మూసి, తాను పక్కనుండగా అయితే సరేనంది. "వస్తారో రారో మరి. మీరు చెప్పి ఒప్పించండి" అంది.

నేనేమీ చెప్పలేదు. చెబితే వద్దంటారు, నాకు తెలుసు. కారు ఇంటి ముందుకు తెమ్మన్నాను, అంతే.

అప్పటిదాకా రోజూ వెళ్ళి నేర్చుకుంటూనే ఉన్నాను. సెలవు రోజు వచ్చింది. ఆయన కుర్చీలో ఉన్నారు, నేను ఒక చొక్కాకు గుండీలు కుడుతున్నాను. వీధి మలుపులో కారు చప్పుడైంది. ఆయన తల ఎత్తారు. గేరు మారింది. చిలకకు ఆ గేరులో చిన్న దగ్గు ఉండేది. ఆయన చేతులు కుర్చీని పట్టుకున్నాయి.

"ఏమోయ్," అన్నారు మెల్లగా, "నా మతి పోతోందా? నిజం చెప్పు."

"ఏమైంది?"

"చిలక వస్తోంది."

ఎన్ని వేల కార్లు ఆ మలుపు తిరిగి ఉంటాయి! ఎన్నేళ్ళయింది అది వెళ్ళి! కారు వచ్చి మా గుమ్మం ముందు ఆగింది. ఆయన అప్పటికే లేచి నిలబడ్డారు. నెలల తరబడి వంటింటి దాకా కూడా నా భుజం పట్టుకుని నడిచిన మనిషి, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి వెళ్ళి, బానెట్టు మీద అరచెయ్యి ఆనించారు. ఇంజను ఇంకా ఆడుతోంది. ఆ వణుకు ఆయన చేతిలోకి వెళ్ళడం నేను చూశాను. జ్వరం చూసినట్టు అలా నిలబడిపోయారు.

"తెల్లగా అయ్యావేమే?" అన్నారు దాన్ని.

ఆవిడ కారు దిగి, "రండి అన్నయ్యగారూ, మైదానానికి పోదాం" అంది. దారిపొడుగునా ఆయన క్లచ్చు గురించి ఒక్క మాట కూడా అనలేదు.

మైదానంలో పాత టైర్లు పేర్చి ఎనిమిది అంకెలా దారి చేశారు. లైసెన్సుకు వెళ్ళేవాళ్ళందరూ ఆ ఎనిమిది తిప్పాల్సిందే. ఆయన స్టీరింగు ముందు, ఆవిడ పక్కన, నేను వెనక. చెయ్యి తడుముకోలేదు. సీటు జరిపే మీట, అద్దం, గేరు కర్ర, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. చిలక కదిలింది. కుదుపు లేదు. నేను కదిలిస్తే కప్పలా గెంతే కారు ఆయన చేతిలో నీళ్ళ మీద పడవలా పోయింది. తిన్నగా వెళ్ళి, తిన్నగా వెనక్కి వచ్చారు.

ఎనిమిది దగ్గర ఆగిపోయారు. "ఎదురుగా ఉన్న టైరు ఒక్కటే కనిపిస్తోంది. పక్కవి లేవు నాకు." చేతులు స్టీరింగు మీంచి తీసేశారు. "దింపెయ్యమ్మా. చాలు."

"నేను చెబుతాను, పోనివ్వండి," అన్నాను. ఎక్కడిదో ఆ ధైర్యం. చెప్పడం మొదలుపెట్టానే గానీ కంగారులో కుడికి ఎడమ, ఎడమకు కుడి అని అరిచాను. ఆవిడ కాలు బ్రేకు మీదికి వెళ్ళింది.

"అరవకు," అన్నారాయన. "నీ మిషన్ మీద ఉన్నట్టు చెప్పు."

నాకు వెలిగింది. సాయంత్రాలు నా పక్కన కూర్చుని టాకాలు ఊడదీసిన మనిషి. ఏ కుట్టు ఎలా పోతుందో నాతో సమానంగా తెలుసు.

"చంక గుండ్రం వస్తోంది. కుడి చెయ్యి. గుడ్డ లాగకండి, దాని మానాన దాన్ని తిరగనివ్వండి... తిరగనివ్వండి... ఇంకొంచెం లోపలికి, అంచు కుట్టు... ఇప్పుడు తిన్నగా, పక్క కుట్టు. ఇక ఎడమ చెయ్యి. అదే గుండ్రం, అద్దంలో చూసినట్టు..."

కారు తిరిగింది. నా నోట్లో మాట పూర్తయ్యేలోపు ఆయన చేతుల్లో వంపు వచ్చేది. ఒక్క టైరు కదల్లేదు. మాకు పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను చెప్పింది ఆయన మారుమాట లేకుండా చేయడం అదే మొదలు! ఎనిమిది పూర్తయింది. మళ్ళీ తిప్పారు. మూడోసారి నేను గొంతు తగ్గించి గొణుగుతున్నా ఆయనకు అందుతోంది. నా కళ్ళు, ఆయన చేతులు, మధ్యలో ఆ పాత ఇంజను. మేం ముగ్గురం కలిసి ఒక్క మనిషిలా నడుస్తున్నామనిపించి నాకు భయం కూడా వేసింది.

డ్రైవింగ్ స్కూలావిడ తన కాళ్ళు రెండూ పైకి తీసి సీటు మీద పెట్టుకుంది. "నా జన్మలో చూడలేదక్కా ఇలాంటిది," అంది. ఆ భారీ గొంతు పిల్లగొంతులా వినబడింది.

ఆయన ఆపి, ఇంజను కట్టేసి, స్టీరింగు మీద నుదురు ఆనించుకున్నారు. కాసేపటికి ఆవిడ మొహమాటంగా అంది: "కావాలంటే మీరే తీసుకోండి అన్నయ్యగారూ. నేను ఇంకో బండి చూసుకుంటాను."

ఆయన తల ఎత్తలేదు.

"వద్దమ్మా. మాకైతే గుమ్మంలో నిలబడి తుప్పు పడుతుంది. నీ దగ్గర పని ఉంది దానికి. ఎవరికీ అమ్మకు, అంతే. మేం అమ్మి చూశాం."

తర్వాత తలుపు తీసి దిగారు. బానెట్టు పట్టుకుని చుట్టూ నడిచి పక్క సీటు వైపు వచ్చి, "నువ్వు కొంచెం వెనక కూర్చోమ్మా" అని ఆవిడను లేపారు. అక్కడ కూర్చుని, కింద ఉన్న క్లచ్చును, బ్రేకును పాదంతో వెతికి పట్టుకున్నారు. నా వైపు తిరిగారు.

"నువ్వు అక్కడ కూర్చో."

"నేనా?"

"రోజూ కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి అంతసేపు పడుతుందా? ఇంటికొచ్చాక నీ చీరకు పెట్రోలు వాసన. నాకు కళ్ళు పోయాయి గానీ ముక్కు పోలేదుగా. కూర్చో."

కూర్చున్నాను. తాళం తిప్పాను. చిలక ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది.

"చెవులతో నడపవోయ్," అన్నారు. "అది అడుగుతుంది. అడిగినప్పుడు గేరు మార్చు."

రెండోసారి ఆగిపోయింది. మూడోసారి కదిలింది. నిజంగా కదిలింది! మైదానం, గోడ, ఆకాశం మెల్లగా నా మీదికి రావడం మొదలుపెట్టాయి. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియదు. మాట్లాడరేమా అని పక్కకు చూద్దును గదా, ఆయన ముందుకు చూడటం లేదు. మొహం పూర్తిగా నా వైపు తిప్పి, ఆ మిగిలిన కాస్త చూపునూ నా మీద ఆనించి, కన్నార్పకుండా చూస్తున్నారు.

"ఆపు," అన్నారు.

"తప్పు చేశానా?"

"లేదు. చుక్కల సీసా నీ సంచిలో ఉందా?"

ఉంది. ఎప్పుడూ ఉంటుంది. గబగబా తీసి మూత తిప్పాను.

"నువ్వు బండిని రోడ్డెక్కించడం నేను చూడాలి," అని ఆయన తల వెనక్కి వాల్చి, కళ్ళు తెరిచారు.