పొడి రోజు అంకె

నేను బియ్యం కడుగుతుంటే మా ఆయన తేషిక్ వెనక నుంచి అన్నాడు, "శనివారం కిమ్చీ పచ్చడి పెట్టడం. అమ్మ నిన్ను పొద్దున్నే వచ్చేయమంది. నూట ఇరవై క్యాబేజీలట." అడగలేదు, చెప్పాడంతే. పద్నాలుగేళ్లుగా ఇంతే. కారం ముద్ద పూసీ పూసీ నా చేతులు మూడు రోజులు మండుతాయి. అత్తయ్య మాత్రం బంధువులందరి ముందూ మెచ్చుకుంటుంది: "మా కోడలికి ఏం చెప్పినా లోపలే ఇంకిపోతుంది. పైకి ఒక్క మాట రాదు."

నా ఉద్యోగం మట్టిని కొలవడం. హేనమ్ పొలాల కింద కరెంటు కేబుల్ వేయబోతున్నారు. గోతిలో సూది గుచ్చి, దాన్ని వేడి చేసి, ఎంత త్వరగా కాగుతుందో చూస్తాను. తడి మట్టి ఆ వేడిని తనలోకి లాక్కుని దూరంగా పంపేస్తుంది. ఎండిన మట్టి కదలనివ్వదు, కేబుల్ తన వేడికి తానే మాడిపోతుంది. అందుకే మట్టి వేడిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె ఎండిన రోజుదే కావాలి. రెండు నెలలుగా చినుకు లేదు. ఆదివారం వాన అంటున్నారు. నాకు మిగిలింది శనివారం ఒక్కటే.

మా టీం లీడర్ ప్యో గారికి ఈ తొందర నచ్చలేదు. "వాన పడనివ్వండమ్మా. సోమవారం కొలిస్తే అంకె తక్కువగా, ముచ్చటగా వస్తుంది. ఎండితే ఎంతో నేను అందాజు వేసే ఉంచాను. మీరు పెన్సిల్‌తో రాయండి, నేను చూసుకుంటా. అన్నట్టు, కాఫీ మీరు కలిపితేనే బాగుంటుంది." కలిపి ఇచ్చాను. రిపోర్టు కింద సంతకం మాత్రం నాది. ఆ పూట ఎంత అలసిపోయానో చెప్పలేను, చేసిన పనికి కాదు.

బస్సులో ఇంటికి వస్తుంటే తట్టింది, వీళ్లంతా నన్ను కూడా వాన వెలిసిన రోజునే చూశారని.

శనివారం గోతిలో దిగి సూది గుచ్చాక ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావ్? అమ్మ క్యాబేజీలు కడిగి కూర్చుంది."

"గోతిలో."

"ఎప్పుడొస్తావ్?"

"ఇవాళ రాను."

"ఏంటా పొడిపొడి మాటలు? నువ్విలాంటిదానివి కాదే."

"ఎలాంటిదాన్నో మీరెవరూ కొలవలేదు తేషిక్. అందాజు వేసుకున్నారు."

అతను ఇంకేదో అంటున్నాడు. ఫోన్ జేబులో పెట్టుకుని లెక్క చూసుకున్నాను. ప్యో గారి అందాజుకి రెండింతలు దాటింది. కాగితం మోకాలి మీద పెట్టుకుని అంకె రాసి, కింద 'కు హేరిం' అని నా పేరు సంతకం చేశాను.

పెన్నుతోనే.