ముందు బల్ల

మూత చుట్టూ ఉన్న ఎనిమిది బోల్టుల్లో ఐదోదాన్ని బిగిస్తుండగా రెంచి జారి ఆవిరి మేస్త్రి వేలి కణుపు చెక్కుకుపోయింది. వేలు నోట్లో పెట్టుకుని చప్పరించి, ఆరోదానికి వెళ్లాడు. ఆపరేషను కత్తులు ఉడికించే యంత్రం అది. ఇరవై ఎనిమిదేళ్లుగా అలాంటివి బాగుచెయ్యడమే అతని బతుకు. కంపెనీ ఏ దేశం పొమ్మంటే ఆ దేశం పోవడం, రబ్బరు వాషరు మార్చడం, ఆవిరి పట్టి చూపించడం, సంతకం తీసుకుని మళ్లీ బస్సెక్కడం. ఇంటి దగ్గర భార్య "ఎక్కడున్నావు?" అని అడగడం ఎప్పుడో మానేసింది. "తిన్నావా?" అని మాత్రం అడుగుతుంది.

ఈ దేశంలో ఇది అతను చూస్తున్న మూడో క్రైస్తవ మిషను ఆసుపత్రి. ఒళ్లు మండటం కూడా మూడోసారే.

ఇక్కడా తొమ్మిదికి గంట కొడతారు. రోగులందరూ హాల్లో బల్లల మీద కూర్చోవాలి. పాట, ప్రసంగం, ప్రార్థన అయ్యాక ముందు బల్ల నుంచి వరసగా డాక్టరు దగ్గరికి వెళ్లే చీటీలిస్తారు. "బలవంతమేం లేదు. కూచోనివాళ్లకి చివర్లో ఇస్తాం, అంతే" అన్నాడు కాంపౌండరు. ఆ "అంతే" దగ్గరే మేస్త్రికి మంట.

పోనీ, నోరారా తిడదామా అంటే తను పుట్టింది ఇలాంటి చోటే. బిడ్డ అడ్డం తిరిగితే తల్లిని నలుగురు మంచం మీద మోసుకెళ్లారట. ఎక్కడినుంచో వచ్చిన దొరసాని ఒకామె రెండు పూటలు మోకాళ్ల మీదే ఉండి ఇద్దరినీ బతికించింది. నెల తర్వాత తల్లి కొత్త పేరుతో ఇంటికొచ్చింది. ఆ పేరు నాన్నకు నోరు తిరగలేదు. పాత పేరుకు ఆమె పలకలేదు. పోయేదాకా "ఇదిగో" అనే పిలిచాడు. నాయనమ్మ ఆమె చేతి నీళ్లు ముట్టలేదు. ఆ మతం ఎందుకు పుచ్చుకున్నావమ్మా అని అడిగితే, "అంత చేశాక కాదని ఎలా అంటాన్రా?" అంది. ఆ మాటను అతను పనిముట్ల సంచీతోపాటు దేశదేశాలూ మోస్తున్నాడు.

పొద్దున బస్సులో పక్క సీటు ముసలాయన కొలిమి తిత్తిలా రొప్పుతూ వచ్చాడు. వెంట ఎవరూ లేరు.

"గుండెల మీద ఎవడో కూచున్నాడు నాయనా. అద్దె కట్టడు, లేవమంటే లేవడు."

మేస్త్రి నవ్వి, దిగేటప్పుడు చెయ్యందించాడు. "నేను లోపలి మనిషినే పెద్దాయనా. ముందు బల్ల మీద కూచోబెడతాను. మొదటి చీటీ నీదే."

"వాళ్ల దేవుడితో నాకు పరిచయం లేదే!"

"కళ్లు మూసుకో, చాలు. నిద్రపోయినా ఎవరికీ తెలీదు."

ముసలాయన నవ్వబోయి దగ్గాడు. మేస్త్రే నడిపించుకెళ్లి, ఒకామెను జరగమని, మొదటి చోటు ఇప్పించాడు.

గంట మోగింది. ఎనిమిదో బోల్టు బిగించేసరికి ఆసుపత్రి నడిపే సిస్టరమ్మ గుమ్మంలో నిలబడింది. డెబ్భై ఏళ్ల మనిషి. నలభై ఏళ్ల క్రితం సముద్రం దాటి వచ్చింది. మందునీళ్లకు చేతులు వేళ్లదాకా పగిలి ఉన్నాయి.

"గంట వినపడలేదా మేస్త్రీ?"

"ముందు చీటీలిచ్చి, తర్వాత పాడుకోకూడదా అమ్మా? అక్కడ ఆయాసంతో ఉన్నారు మనుషులు."

"చీటీ చేతికొస్తే ఎవరు కూచుంటారయ్యా?"

"నేననేదీ అదే! మరి బలవంతం లేదంటారేం?"

ఆమె ముఖం ఎర్రబడింది. "నీకు నోరెక్కువ," అని వెళ్లిపోయింది.

పాట మొదలైంది. అతను యంత్రం కింద మంట వెలిగించి, ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు కదలడం చూస్తూ కూర్చున్నాడు. పాట ఆగింది. ప్రసంగం సాగింది, సాగింది. ముల్లు ఎర్రగీత దగ్గరికి వచ్చింది. అప్పుడు కాంపౌండరు పరుగున వచ్చాడు.

"నీతో వచ్చినాయనకి మొదటి చీటీ ఇస్తే అందుకోవడం లేదు."

మేస్త్రి మంట ఆర్పి హాల్లోకి పరుగెత్తాడు. ముసలాయన గడ్డం ఛాతీకి ఆనించి, కళ్లు మూసుకుని, మొదటి చోట్లోనే ఉన్నాడు. పక్కామె గొణిగింది: "ఎంత భక్తో అనుకున్నాను నేను."

"ముందే చీటీ ఇచ్చుంటే!" మేస్త్రి అరుపుకు హాలంతా తిరిగి చూసింది. "లోపల డాక్టరుంది, గాలి సిలిండరుంది, పది అడుగుల్లో! మీ పాట ఆగకూడదని మనిషి ఊపిరి ఆగాలా?"

అరుస్తుండగానే గుర్తొచ్చింది. కళ్లు మూసుకోమన్నది తను. ఆ బల్ల మీద కూర్చోబెట్టింది తను.

సిస్టరమ్మ వచ్చి ముసలాయన నాడి చూసింది. శవాన్ని పక్కగదికి చేర్పించి, గోరువెచ్చని నీళ్లు తెప్పించి, ఎవరినీ ముట్టనివ్వకుండా తనే కడిగింది. కాలివేళ్ల మధ్య మట్టిని కూడా, పసివాడికి కడిగినట్టు కడిగింది. ప్రార్థన మాత్రం చెయ్యలేదు.

"ఈయన పేరేంటి?" అని అడిగింది.

మేస్త్రికి తెలియదు. అడగనేలేదు.

"రేపు గంట కొడతారా?" అన్నాడు.

"కొడతారు." ఆమె తలెత్తలేదు.

ఆ చేతులకు మొక్కాలనిపించింది. ఆ నోరు మూయించాలనీ అనిపించింది. రెండూ చెయ్యక, సంతకం పెట్టాల్సిన కాగితం ముందుకు తోశాడు. తడిచేత్తో పెట్టిన సంతకం అలుక్కుపోయింది.

బస్సుకు వెళుతూ హాల్లోకి చూశాడు. ఊడ్చే మనిషి ఇంకా రాలేదు. కూర్చున్న ప్రతివాళ్ల చేతిలోనూ పెట్టే పాటల పుస్తకం ఒకటి ముందు బల్ల మీద మొదటి చోట, తెరిచినది తెరిచినట్టే, ముసలాయన పట్టుకున్నట్టే తలకిందులుగా ఉంది.