కేకలకొండ దాచిన మాట

జాయ్స్ కాపురాన్ని తల్లే చెడగొట్టిందని డుంబ్రిగుడ సంతలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మగ్దలేనమ్మ కూతురికి మాటలు నూరిపోసిందట, అల్లుడి ఎదుట వాటిని అప్పజెప్పించిందట. చెప్పేవాళ్ళలో ఒక్కరూ ఆనాడు ఆ కళ్ళంలో లేరు కనుక, ఈ కథనాన్ని కాస్త పరిశీలించవలసి ఉంది.

మగ్దలేనమ్మ రోజులన్నీ ఒక్కలాంటివే. పొద్దున్నే చోడి అంబలి కాచుకోవడం, ఇంటి ముందు కళ్ళంలో కాఫీ గింజలు ఎండబోయడం, మధ్యమధ్య కాలితో తిరగెయ్యడం. ఎదురుగా కేకలకొండ. ఆ కొండ మనిషి కేకను అప్పటికప్పుడు తిప్పి పంపదు. దాచుకుని, ఏళ్ళు గడిచాక, తనకు తోచిన రోజున వదులుతుంది. చనిపోయినవాళ్ళు సాయంత్రాలు పశువులను పిలుస్తారు. పశువులు ఇళ్ళకు మళ్ళుతాయి. పొరుగింటి ముసలి ముత్యాలమ్మ ఒకనాడు తన పెళ్ళినాటి నవ్వు విని, బోసినోటితో తానూ నవ్వి, మళ్ళీ దుంపలు తవ్వుకుంది.

జాయ్స్ పాచిపెంటలో టీచరు. భర్త సైలస్ చెయ్యి చేసుకునే మనిషి కాడు. చర్చిలో అతను పాట అందుకుంటే పెద్దవాళ్ళు కళ్ళు తుడుచుకునేవారు. ఇంట్లో మాత్రం అన్న మాట అనలేదనేవాడు, తీసుకున్న వస్తువు తీసుకోలేదనేవాడు. ఒకసారి ఆమె ఫోన్లో అడిగింది:

"అమ్మా, నాకు సిన్నప్పట్నించీ మతిమరుపేనా?"

"నువ్వక్కడుండొద్దే, బేగి వచ్చీ!" అంది తల్లి.

ఆ తర్వాత వానాకాలమంతా జాయ్స్ ఫోన్ ఎత్తలేదు. మగ్దలేనమ్మకు తన తప్పు తెలిసింది. ఏం చెయ్యాలో చెప్పే మనిషి ఆ ఇంట్లో ఒకడు ఉండనే ఉన్నాడు. రెండో మనిషి అక్కర్లేదు. మళ్ళీ మాటలు కలిశాక ఆమె ఒక్కటే అనేది: "నువ్వన్నది నేను నమ్ముతాను. ఈ తలుపు నీదే."

2023 ఫిబ్రవరిలో ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక, కూతురూ అల్లుడూ మోటారుసైకిలు మీద వచ్చారు. భోజనం చేశారు. బయల్దేరబోతూ, కళ్ళం దగ్గర సైలస్ అడిగాడు:

"బండి తాళం ఏదీ?"

"దిగగానే మీరే తీసుకున్నారు కదా," అంది జాయ్స్.

అతను నవ్వాడు. "సూసేవా అత్తా? రోజూ ఇదే వరస. మొన్న నేననని మాట అన్నానంది. పిచ్చెక్కిపోతంది దీనికి. నేను కాబట్టి ఏలుకుంటన్నాను."

జాయ్స్ తల దించుకుంది. "తీసుకోలేదేమో. నాకు గురుతుండదమ్మా."

మగ్దలేనమ్మ నోటిదాకా వచ్చిన మాటలన్నీ మింగి, పాతదే అంది. "తీసుకున్నారని నువ్వంటే నేను నమ్ముతానమ్మా."

"అయితే నేను అబద్ధాలకోరునా?" అన్నాడు సైలస్.

అప్పుడు కొండ నోరు విప్పింది. ముందు పసిగొంతు, ఏడుపు కలిసిన గొంతు, మిరియాల పాదుల మీదుగా వచ్చింది.

"కట్టేను నానా! రెండు ముళ్ళేసి కట్టేను! నాకు గురుతుంది!"

ఆ వెనకే మగగొంతు. నిదానంగా, లోయ నిండా.

"నువ్వు కట్టేనంటే కట్టినట్టేనే, గుంటా. పలుపుతాడే సీకిపోనాది. దూడ ఎక్కడికీ పోదులే."

వాలులో మేస్తున్న పశువులన్నీ ఒక్కసారి తలలెత్తి, ఇప్పుడు లేని పాత గొడ్లశాలవైపు తిరిగి నిలబడ్డాయి. మగ్దలేనమ్మ పైటకొంగు తల మీదికి లాక్కుంది. అది ఆమె భర్త ఎలీయేజరు గొంతు.

"ఎవరి గుంటది?" అన్నాడు సైలస్.

"నేనే." జాయ్స్ ఇంకా కొండవైపే చూస్తోంది. ఆ తర్వాత అతని వైపు తిరిగింది. "తాళం మీ ఎడం జేబులో ఉంది. బండి దిగి, దువ్వెన తీసి, ఆ జేబులో తాళం పెట్టేరు. నాకు గురుతుంది. మొన్న అన్న మాటా గురుతుంది. నేను రాను."

"అత్తా, దీనికి బుద్ధి చెప్పు."

"అది చెప్పింది కదా, బాబూ," అంది మగ్దలేనమ్మ.

సైలస్ విసవిసా ఇల్లున్న దిబ్బ దిగి, బండి వైపు వెళ్ళాడు. కాసేపటికి దారి మలుపులో మోటారుసైకిలు స్టార్టయిన చప్పుడు వినిపించింది. జాయ్స్ చెప్పులు విడిచి కళ్ళంలోకి దిగి, చిన్నప్పటిలాగే పాదాలతో గింజలు తిరగెయ్యసాగింది.

సంతకథ సంగతి ఇక మిగిలింది. ఆ మాటలు ఆ పూటకని తల్లి కూతురికి నేర్పినవని నమ్మేవాళ్ళు మిషన్ సమాధుల దొడ్డికి వెళ్ళి, కూతురికి జవాబు చెప్పిన మనిషి రాయి చూడవచ్చు. ఎలీయేజరు చనిపోయింది 2006 ఆగస్టు 14న.